కొండమీది పెట్టెకు రెండవ దారి

చెన్నై–హౌరా రైలుమార్గముపై ‘నర్సీపట్నం రోడ్డు’ అను పేరుగల స్టేషనొకటి కలదు. ఈ ప్రాంతమునకు క్రొత్తగా వచ్చువారు ఆ పేరుబలకను చూచి, ఊరు చేరితిమనుకొని, సామానుతో సహా దిగుదురు. దిగిన తరువాత గాని తెలియదు, ఊరికి ఇంకను బస్సు ప్రయాణము మిగిలియున్నదని. బలకపై పేరు నిజమే. ఆ పేరు చూపు చోటు మాత్రము ఊరు కాదు. ఈ దినమున నేను మనవి చేయదలచిన విషయమునకును ఈ పేరుబలకకును పోలిక కలదు గనుక ముందుగా దీనిని చెప్పితిని.

మాది నర్సీపట్నము. మైదానము ముగిసి మన్యము మొదలగు చోట ఉన్న ఊరు. లంబసింగి ఘాటు ఎక్కి చింతపల్లికి, గూడెం కొత్తవీధికి, సీలేరుకు పోవువారికి ఇదే చివరి పెద్ద ఊరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను మరల విభజించినప్పుడు మా ఊరు అనకాపల్లి జిల్లాలోనికి, ఘాటుపైనున్న చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనికి చేరినవి. క్రిందివారికి పైసంగతి తెలియుట, పైవారికి క్రిందిసంగతి తెలియుట ఈ ప్రాంతమున ఎప్పుడును కష్టమే. 1922 ఆగస్టు 22న సీతారామరాజు దళము చింతపల్లి ఠాణాపై పడినది; మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. మూడు దినములలో మూడు ఠాణాలు. కొండలలో వార్త మనిషి కాళ్లపై నడచు కాలమది.

ఇప్పుడు వార్త గాలిలో పోవుచున్నది. కేంద్రప్రభుత్వము 2022 జూలైలో సెల్‌ఫోను సౌకర్యము లేని 24,680 గ్రామములకు 4జీ అందించుటకై 26,316 కోట్ల రూపాయల పథకమునకు ఆమోదము తెలిపినది. 2023 జూన్‌లో మన రాష్ట్రములో నూరు 4జీ టవర్లను ఒకే దినమున ప్రారంభించినప్పుడు వానిలో అధికభాగము అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. అంతకు పూర్వము చౌకధరల దుకాణములలో ఈ-పాస్ యంత్రములు వచ్చినప్పుడు, వేలిముద్ర తీసికొనుటకు సిగ్నలు అందక, డీలరు యంత్రమును చేతపట్టుకొని గుట్ట ఎక్కుటయు, కార్డుదారులు ఆయన వెనుక బియ్యపు సంచులతో నడచుటయు మన్యములో చాలామంది ఎరిగినదే. టవర్లు వచ్చిన తరువాత ఆ కష్టము కొంత తగ్గినది. అయితే టవరు వచ్చుట వేరు, మాట చేరుట వేరు. నేను ఈ భేదమును పుస్తకములలో చదివి నేర్చుకొన్నవాడను కాను. ఒక రాత్రి నేర్చుకొంటిని. ఆ సంగతి చెప్పుటకు ముందు నా వృత్తిని గూర్చి రెండు మాటలు.

రౌటరు అను మాట నేడు పట్టణములలో ఇంటింటను వినబడుచున్నది. ఇంటిలోని రౌటరుకు బయటినుండి తీగ వచ్చును. నేను అమర్చు రౌటర్లకు తీగ ఉండదు. మన జేబులోని ఫోనువలెనే దానికిని సిమ్ కార్డు ఉండును. అది దగ్గరలోనున్న టవరుతో సంబంధము పెట్టుకొని, తనకు తగిలించిన యంత్రముల మాటను దూరమునకు చేర్చును. ఆ యంత్రము వాన కొలుచునది కావచ్చును, మంచినీటి పంపును నడుపునది కావచ్చును, బ్యాంకువారి ఏటీఎం కావచ్చును. యంత్రములకిచ్చు ఇట్టి సిమ్ములకు మన దేశములో 2018 జూలై 1 నుండి 13 అంకెల సంఖ్యలు ఏర్పరచిరి. మనుష్యుల ఫోన్లకు 10 అంకెలే. ఈ లెక్కన యంత్రములు మనకంటె మూడంకెలు పెద్దవి!

మనిషి చేతిలోని ఫోను మొరాయించినచో అతడు మూడు పనులు చేయును. దానిని ఆపి మరల పెట్టును. చేయి పైకెత్తి నాలుగడుగులు నడచును. అదియు లాభము లేనిచో ప్రక్కవాని ఫోను అడిగి తీసికొనును. కొండమీది పెట్టెకు కాళ్లు లేవు, ప్రక్కవానిని అడుగుటకు నోరు లేదు. మనము అలవోకగా చేయు ఆ పనులనే దానికి ముందుగా నేర్పి రావలయును. నేర్పుటలో లోపమున్నచో, తరువాత మనమే ఘాటు ఎక్కి పోవలసి వచ్చును. పోయి చేయునది మాత్రము స్విచ్చి ఆపి, పది లెక్కించి, మరల వేయుటయే!

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సంస్థవారికొరకు, కొండలలో ఒక గెడ్డ ఒడ్డున నీటిమట్టము కొలుచు యంత్రమును, దానితోపాటు ఒక రౌటరును అమర్చితిని. గెడ్డ పేరు, సంస్థ పేరు అవసరము లేదు. గెడ్డను దాటుటకు అక్కడ వంతెన లేదు, తక్కువ ఎత్తున కట్టిన చప్టాయే దారి. పైకొండలలో వాన కురిసిన గంటకో రెండు గంటలకో చప్టామీదికి నీరు వచ్చును. క్రింద ఎండ కాయుచుండవచ్చును. పైన వాన పడిన సంగతి దాటువానికి తెలియదు. నీరు ఒక గీత దాటగానే యంత్రము పట్టణములోని కార్యాలయమునకు తెలుపవలయును. కార్యాలయమువారు గ్రామములో ఇద్దరికి ఫోను చేయవలయును. ఇదీ ఏర్పాటు. పెట్టెలో రెండు కంపెనీల సిమ్ములు రెండు వేసితిమి. ఒకటి పోయినచో రెండవదానికి మారునని కాగితముపై వ్రాసి సంతకము కూడ చేసితిని.

ఆగస్టు నెల. సంతదినము. మధ్యాహ్నము 3 గంటలకు యంత్రము పంపిన అంకె సామాన్యముగా ఉన్నది. ఆ తరువాత అంకె రాలేదు. కార్యాలయములో తెరపై 3 గంటల అంకెయే నిలిచియున్నది. చూచినవారందరు నీరు సామాన్యముగనే ఉన్నదనుకొనిరి. రాత్రి 7 గంటలకు చప్టాపై నీరు మోకాలు దాటినది. గెడ్డ ప్రక్కనే కాపురముండు వృద్ధుడొకడు నీటి చప్పుడు మారుట విని బయటికి వచ్చి చూచి, కొమ్మలు నరికి దారికడ్డముగా పడవేసి, టార్చిలైటు పట్టుకొని నిలుచున్నాడు. సంతనుండి తిరిగి వచ్చుచున్న రెండు ఆటోలు అక్కడ ఆగిపోయినవి. వానిలో ఆడవారు, పసిబిడ్డలు ఉన్నారు. తెల్లవారువరకు వారందరు ఆ వృద్ధుని పంచలోనే ఉండిరి.

మరునాడు నేను పోయి పెట్టె తెరచితిని. దీపములన్నియు పచ్చగా వెలుగుచున్నవి. సిగ్నలు నాలుగు గీతలు. వృద్ధుడు నా భుజముమీదుగా తొంగిచూచి అడిగినాడు:

“బాబూ, దీపాలైతే ఎలుగుతన్నాయి. మరి మాటెందుకు ఎల్లనేదు?”

“అదే చూస్తున్నాను తాతా” అంటిని. చూచుటకేమున్నది! స్విచ్చి ఆపి వేయగానే యంత్రములో దాగియున్న రాత్రి అంకెలన్నియు ఒక్కమారుగా పట్టణమునకు పరుగెత్తినవి. గీత దాటిన వార్త పదునాలుగు గంటలు ఆలస్యముగా కార్యాలయమునకు చేరినది.

కారణము విచారించినచో సిగ్గు కలిగినది. మొదటి సిమ్ము టవరుతో ముడిపడియే యున్నది. టవరు దానిని గుర్తించుచున్నది కూడ. కాని డేటా పోవుటకు రౌటరుకును కంపెనీ కేంద్రమునకును నడుమ ఏర్పడిన మార్గము మధ్యలో తెగిపోయినది. రౌటరు మాత్రము ఆ మార్గము బ్రతికియున్నదనియే నమ్ముచున్నది. నేను దానికిచ్చిన ఆజ్ఞ ఏమి? ‘సిగ్నలు పోయినచో రెండవ సిమ్ముకు మారుము’ అని. సిగ్నలు పోలేదు, కావున అది మారలేదు. అక్షరాల ఆజ్ఞను పాటించినది. రెండవ సిమ్ము ప్రక్కనే, రాత్రి యంతయు, పనికి పిలుచువారు లేక కూర్చున్నది.

ఇక్కడనే ఆ స్టేషను పేరుబలక జ్ఞాపకము చేసికొనవలయును. పెట్టెనుండి పట్టణములోని కార్యాలయమువరకు దారి ఒకే ముక్క కాదు. పెట్టె నుండి టవరువరకు ఒక ముక్క. టవరు నుండి కంపెనీ కేంద్రమువరకు భూమిలోని ఫైబరు తీగపైనో, కొండనుండి కొండకు సూక్ష్మతరంగములపైనో మరియొక ముక్క. అక్కడినుండి ఇంటర్‌నెట్టు, ఆపైన కార్యాలయములోని సర్వరు. నాలుగు గీతలు తెలుపునది మొదటి ముక్కను గూర్చి మాత్రమే. రోడ్డు వెడల్పు చేయు యంత్రము ఎక్కడనో ఫైబరును తెంచినచో, టవరు నిక్షేపముగా నిలిచి, నిండు సిగ్నలు వెదజల్లుచునే యుండును. మాట మాత్రము కొండ దిగదు. కంపెనీవారి వైపున ఖాతా నిలిచిపోయినను అంతే. సిమ్ము గడువు ముగిసినను చాలాసార్లు గీతలు కనబడుచునే యుండును.

కాబట్టి పెట్టెను అడుగవలసిన ప్రశ్న ‘సిగ్నలు ఉన్నదా’ అనునది కాదు, ‘నీ మాట చేరినదా’ అనునది. రిజిస్టరు ఉత్తరముతో అక్నాలెడ్జిమెంటు కార్డు జతచేసి పంపినవారికి ఈ ప్రశ్న క్రొత్త కాదు. పోస్టుమాస్టరు ఇచ్చిన రసీదు ఉత్తరము పంపితిమనుటకు గుర్తు. సంతకముతో తిరిగివచ్చిన కార్డు అది ముట్టినదనుటకు గుర్తు. రౌటరు కూడ ఇట్టి కార్డును పంపవలయును. దూరమునగల ఒక సర్వరుకు చిన్న పలకరింపు పంపి, బదులు వచ్చినదో లేదో చూచుకొనవలయును. దీనిని పింగ్ అందురు. ఒక పలకరింపు, దాని బదులు కలిసి 168 బైట్లకు మించవు. అర నిమిషమునకొకసారి ఇద్దరిని పలకరించినను దినమునకు ఒక మెగాబైటు కాదు, నెలకు ముప్పది కావు. ఆత్రపడి ఐదు సెకండ్లకొకసారి ముగ్గురిని పలకరింపుమన్నచో నెలకు 260 మెగాబైట్లు దాటును. చిన్న ప్లానులున్న సిమ్ములో, పని చేయకయే పలకరింపులతోనే డేటా అయిపోవును. అట్లు అయిపోయిన పెట్టెను నేనొకదానిని చూచితిని.

ఎవరిని పలకరింపవలయును అనునది కూడ చిన్న విషయము కాదు. మొదట నేను అన్ని పెట్టెలకును కార్యాలయములోని సర్వరునొక్కదానినే చూపితిని. ఒక ఆదివారమున అక్కడివారు మరమ్మతుకై ఆ సర్వరును నిలిపివేసిరి. కొండలలోనున్న నా పదునేడు పెట్టెలును తమ దారులు తెగినవని తలచి, సిమ్ములు మార్చుకొని, ఆగి, మరల లేచి, మరల ఆగి, సాయంకాలమువరకు గుండ్రముగా తిరిగినవి. ఒక్క దారియు తెగలేదు! అప్పటినుండి ముగ్గురిని చూపుచున్నాను: ఒకటి మా సర్వరు, తక్కిన రెండు ఎన్నడును నిద్రపోని పెద్ద సర్వర్లు. ముగ్గురును బదులు చెప్పనప్పుడే దారి తెగినదని పెట్టె తీర్మానింపవలయును. అదియు ఒక్కసారి కాదు, వరుసగా నాలుగైదుసార్లు.

తీర్మానించిన తరువాత ఏమి చేయవలయును? ఇచ్చట తొందర పనికిరాదు. జ్వరము వచ్చిన బిడ్డకు మొదట తడిగుడ్డ వేయుదుము గాని ఒక్కమారుగా పట్టణపు ఆసుపత్రికి పరుగెత్తము గదా. మొదట అదే సిమ్ముపై డేటా మార్గమును విడిచి మరల కట్టుకొనవలయును; పెక్కుసార్లు ఇంతటితోనే కుదుటపడును, ఆ రాత్రి పెట్టెకు ఈ ఒక్క చికిత్స చాలియుండెడిది. అప్పటికిని బదులు రానిచో రౌటరులోని మోడెమును మాత్రమే ఆపి లేపవలయును. అదియు కానిచో రెండవ సిమ్ము. రెండును విఫలమైనప్పుడు మాత్రమే పెట్టె అంతయు ఆగి మరల లేవవలయును. ఆ లేచుటకు కూడ హద్దుండవలయును. మొదట పది నిమిషములకు, తరువాత అరగంటకు, ఆపైన రెండు గంటలకు. లేనిచో టవరు పడిపోయిన దినమున పెట్టె రాత్రింబవళ్లు తన్ను తానే కొట్టుకొనుచుండును.

నేను ఈ నిదానమును కూడ తప్పు చేసియే నేర్చితిని. గెడ్డ సంగతి జరిగిన తరువాత, భయముచేత, ఒక్క పలకరింపు తప్పినను సిమ్ము మారవలయునని పెట్టెకు చెప్పి వచ్చితిని. మొదటి సిమ్ము కొంచెము బాగుపడగానే దానికి తిరిగి రావలయుననియు చెప్పితిని. మరునాటి ఉదయము లెక్క చూడగా ఒక్క రాత్రిలో నలుబదిమార్లు అటునిటు దూకినది. ఒకే మోడెము, రెండు సిమ్ములు ఉన్న పెట్టె సిమ్ము మార్చునప్పుడు మొదటి టవరుకు వీడ్కోలు చెప్పి, రెండవదానివద్ద తన పేరు నమోదు చేసికొని, క్రొత్త మార్గము కట్టుకొనవలయును. దానికి అరనిమిషమో నిమిషమో పట్టును, బలహీనమైన సిగ్నలులో ఇంకను ఎక్కువ. దూకుటలోనే రాత్రి గడచిపోయినది. ఇప్పుడు రెండవ సిమ్ముకు మారిన తరువాత కనీసము ఒక గంట అక్కడనే నిలువుమని చెప్పుచున్నాను. రెండు మోడెములున్న పెట్టెలు కూడ కలవు. అవి రెండు దారులను ఒకేసారి తెరచియుంచును గనుక మార్పు తెలియకయే జరిగిపోవును. కాని వెల హెచ్చు, కరెంటు ఖర్చును హెచ్చు. ఏటీఎం కొరకైనచో తగును, వానగేజీకి అక్కరలేదని నా అభిప్రాయము.

ఇక రెండవ సిమ్మును గూర్చి. కంపెనీ వేరైనంతమాత్రమున దారి వేరు కాదు. ఇది సామాన్యముగా ఎవరును గమనింపని విషయము. కొండప్రాంతములలో ఒకే ఉక్కు స్తంభముపై రెండు మూడు కంపెనీల యాంటెన్నాలుండుట సాధారణము. స్తంభము ఒకటి, దాని క్రింద జనరేటరు ఒకటి, బ్యాటరీలు ఒకటి. ఒక్కొక్కచోట ఫైబరు కూడ ఒకే గోతిలో నడచును. కరెంటు పోయి బ్యాటరీలు అడుగంటినప్పుడు రెండు సిమ్ములును ఒకే నిమిషమున మూగపోవును. ఒకే పడవలో ఇద్దరు సరంగులను కూర్చుండబెట్టినట్లు. కావున పెట్టె అమర్చు చోటికి పోయి, రెండు కంపెనీల సిగ్నళ్లు ఏ దిక్కునుండి వచ్చుచున్నవో, ఏ టవరు సంఖ్య చూపుచున్నవో ఫోనుతో పరిశీలింపవలయును. వేరువేరు టవర్లనుండి వచ్చు జతయే మేలు, రెండవదాని సిగ్నలు కొంచెము పలుచనిదైనను సరే. పలుచని సిగ్నలును దిశాయాంటెన్నాతో బలపరచుకొనవచ్చును. ఒకే స్తంభముపైనున్న రెంటిని వేరు చేయు ఉపాయము లేదు.

ఈ ఉపాయమునకును మితి ఉన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమువద్ద తీరము దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్లకు పైబడి వీచినది. కరెంటు స్తంభములు, టవర్లు, తీగలు అన్నియు ఒక్కమారుగా దెబ్బతినగా, అన్ని కంపెనీల ఫోన్లును మూగబోయినవి. ఆ దినములలో ఇంటిలో నాలుగు కంపెనీల సిమ్ములున్నవాడును, ఒక్కటి ఉన్నవాడును సమానులే. ఇటీవలి సంవత్సరములలో విపత్తు సమయమున ఒక కంపెనీ చందాదారు మరియొక కంపెనీ టవరును వాడుకొనునట్లు కొద్ది దినములు అనుమతించు ఏర్పాటు వచ్చినది. అది మంచిదే. అయినను ఒక్క టవరైనను నిలిచియున్నప్పుడే దానివలన ప్రయోజనము.

రెండవ సిమ్మునకు మరియొక శత్రువు కలదు, మన మరపు. ఏడాది పొడవున అటకమీదనున్న గొడుగును వాన వచ్చిన దినమున దించి చూచినచో ఎలుకలు కొరికియుండును. రెండవ సిమ్మును ఆరు నెలలు ముట్టనిచో దాని గడువు ఎప్పుడు ముగిసినదో ఎవరికిని తెలియదు. వాడుకలో లేదని కంపెనీవారు నిలిపివేసియుండవచ్చును. లంబసింగి వంటి చోట్ల చలికాలపు మంచు తేమకు సిమ్ముపైనున్న ఇత్తడిరంగు రేకులు మసకబారియుండవచ్చును. అందువలన నేను ప్రతి బుధవారము తెల్లవారుజామున 4 గంటలకు పెట్టెలన్నియు తమంతట తామే రెండవ సిమ్ముకు మారి, ఒక గంట దానిపై పని చేసి, తిరిగి వచ్చునట్లు ఏర్పరచితిని. ఏ పెట్టె ఆ గంటలో పలుకదో దాని రెండవ సిమ్ము చచ్చినదని గురువారమే తెలియును. మొదటి సిమ్ము ఇంకను బ్రతికియుండగనే తెలియును గనుక వానలేని దినము చూచి పోయి మార్చి రావచ్చును.

ఆ రాత్రి జరిగిన తప్పులలో సగము పెట్టెది కాదు, కార్యాలయములోని తెరది. 3 గంటల అంకెను 7 గంటలకు కూడ అదే రంగులో చూపినది. సిమ్ముపై నడచు పెట్టెకు సామాన్యముగా బయటివారు నేరుగా పోయి తలుపు తట్టగల చిరునామా ఉండదు. కంపెనీవారు వేలాది సిమ్ములను ఒకే చిరునామా వెనుక దాచియుంచెదరు. అందుచేత పెట్టెయే లోపలినుండి కేంద్రమునకు మార్గము తెరచి, ‘ఉన్నాను’ అని నియతకాలమున చెప్పుచుండవలయును. వినువాడు ఆ మాట రానప్పుడు లేచి నిలుచుండవలయును. పదిహేను నిమిషములు మాట రానిచో తెరపైనున్న అంకె బూడిదరంగునకు మారి, గంట మ్రోగవలయునని ఇప్పుడు నియమము. పాత అంకె ఎంత మంచిదైనను అది పాతదే. ఇంత స్వల్పమైన సవరణకు ఒక రాత్రి అనుభవము కావలసివచ్చినది! డేటా మార్గము చెడినను కొన్నిమార్లు ఎస్సెమ్మెస్ పోవుచుండును. రౌటరుకు ఒక రహస్యపదముతో ఎస్సెమ్మెస్ పంపి లేపు సౌకర్యమును కూడ ఉంచితిని. మేము నమోదు చేసిన రెండు ఫోన్లనుండి వచ్చినవానిని మాత్రమే అది మన్నించును. లేనిచో దారిన పోవు ఆకతాయి ఎవడైనను దానిని ఆడింపవచ్చును.

కరెంటు సంగతి క్లుప్తముగా చెప్పెదను. ఇట్టి రౌటరు సుమారు 6 వాట్లు తీసికొనును. దినమునకు 144 వాట్-గంటలు, అనగా 12 వోల్టుల బ్యాటరీలో 12 ఆంపియర్-గంటలు. మన్యములో మూడు దినములు సూర్యుడు కనబడకుండుట వింత కాదు గనుక 36 కావలయును. సీసపు బ్యాటరీని సగమునకు మించి ఖాళీ చేసినచో త్వరగా పాడగును గనుక 72. చాలామంది 20తో సరిపెట్టి, రెండవ ముసురు దినమున సిమ్మును తిట్టుచుందురు. రౌటరులో కావలికుక్క అను అర్థము వచ్చు వాచ్‌డాగ్ అను భాగమొకటి ఉండును. లోపలి బుద్ధి అంతయు స్తంభించినప్పుడు అది పెట్టెను కుదిపి లేపును. అదియు నిద్రపోయిన పెట్టెలను చూచితిని. దీనికి విరుగుడు నాకు చెప్పినవాడు ఇంజనీరు కాదు, మా ఊరి ఎలక్ట్రీషియను. “వీధిదీపాలకు పెట్టే టైమరు ఉంది కదండీ, అది పెట్టెయ్యండి. రోజూ తెల్లారగట్ల ఓ నిమిషం కరెంటు తీసేసి ఇస్తుంది” అన్నాడు. నాలుగు డబ్బుల టైమరు. ఘాటు ప్రయాణములు సగమునకు తగ్గినవి.

ఇన్ని చెప్పిన తరువాత ఒక మాట దాచుట న్యాయము కాదు. గెడ్డవద్ద చప్టా దాటువాని ప్రాణమును సిమ్ముకు అప్పగించుటయే మొదటి తప్పు. నీరు కొలుచు యంత్రము అక్కడనే ఉన్నది, దాటు మనిషియు అక్కడనే ఉన్నాడు. ఆ రెంటికి నడుమ నలుబది అడుగులు కూడ లేవు. ఆ నలుబది అడుగుల వార్తను కొండ దింపి, పట్టణములోని కార్యాలయము త్రిప్పి, మరల కొండ ఎక్కించి ఇచ్చు ఏర్పాటును మేము గొప్ప ఏర్పాటనుకొంటిమి. మరుసటి సంవత్సరము యంత్రమునుండి నేరుగా ఒక తీగ లాగి, చప్టాకు రెండు వైపుల ఎఱ్ఱదీపము, సైరను పెట్టించితిని. వానికి సిమ్ము అక్కరలేదు, టవరు అక్కరలేదు. రౌటరు అక్కడ ఇప్పుడును ఉన్నది; అది పట్టణమునకు అంకెలు పంపును, వైద్యులకు, బస్సు డిపోవారికి దారి మూసియున్నదని తెలియుటకు పనికివచ్చును.

గడచిన వర్షాకాలములో ఆ పెట్టె పదకొండుసార్లు రెండవ సిమ్ముకు మారినది. వానిలో తొమ్మిదిసార్లు నాలుగు గీతల సిగ్నలు ఉండగనే మారినది. ఒక్కమారును నేను ఘాటు ఎక్కవలసిన పని పడలేదు. సెప్టెంబరులో వేరు పనిమీద ఆ వైపు పోయినప్పుడు వృద్ధుని చూచి వచ్చితిని. సైరను చప్పుడు రాత్రిపూట తన మేకలను బెదరగొట్టుచున్నదని ఫిర్యాదు చేసినాడు. చప్టా ప్రక్కన నరికిన కొమ్మల మోపు ఒకటి సిద్ధముగా ఉన్నది. అదెందుకని అడిగితిని. దీపానికి బ్యాటరీ ఉంటాది గదా బాబూ, అన్నాడు.